పాత రేజర్ల ఆన్‌లైన్ వేలంపాట: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో పాత సేఫ్టీ రేజర్లు, మడత మంగలికత్తులు, తోలుపట్టాలు, తుప్పుమరకలు పడిన బ్లేడు డబ్బాలు కలిపి నూటికి పైగానే ఉంటాయి. ఇంటికి వచ్చిన చుట్టపక్కాల్లో చాలామంది ముందుగా ధర అడుగుతారు, చెప్పగానే "గడ్డం గీసుకునేదానికి ఇంత పెడితివా?" అని నోరు వెళ్ళబెడతారు. పదేళ్ళుగా ఆన్‌లైన్ వేలాల్లో పాడుతూ, కొన్నిసార్లు తెలిసి, ఎక్కువసార్లు తెలియక అధిక ధర చెల్లించినవాడిగా వారికి జవాబు చెప్పుకోవలసిన బాధ్యత నాకుంది. నంద్యాల, ఆదోని, కడప వైపు నుంచి ఈ వ్యాపకంలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళు ఫోనులో అడిగే ప్రశ్నలను కూడా ఇందులోనే కలిపాను.

సేకరించేవారు ఏ కాలపు రేజర్ల కోసం వెతుకుతారు?

స్థూలంగా రెండు రకాలు. మొదటిది ఒకప్పుడు క్షురకుల పొదిలో కనిపించిన మడత మంగలికత్తి. ఇందులో ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ పట్టణాల సరుకుకు గిరాకీ ఎక్కువ. రెండోది రెండంచుల బ్లేడు పెట్టుకునే సేఫ్టీ రేజర్. అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిలెట్ 1901లో దీనికి పేటెంటు కోసం దరఖాస్తు చేయగా 1904 నవంబరు 15న మంజూరయింది. పలుచని ఉక్కు రేకును గట్టిపరచి పదునుపెట్టే పద్ధతిని సాధించినవాడు మాత్రం ఆయన ఇంజనీరు విలియం నికర్సన్. అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే కాగా మరుసటి ఏడాదికే ఆ లెక్క 90 వేల రేజర్లు దాటింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసమే సుమారు 35 లక్షల రేజర్లు తయారయ్యాయి. 1971లో జంట బ్లేడ్ల కార్ట్రిడ్జి వచ్చాక పాత రేజర్లు క్రమంగా అటకలెక్కాయి; ఇప్పుడు వేలానికి వస్తున్నవి ఎక్కువగా ఆ అటకల మీది సరుకే.

51 అన్న సంఖ్యను, 35 లక్షలన్న సంఖ్యను పక్కపక్కన గుర్తుపెట్టుకోవాలని మనవి. మొదటి సంఖ్య చెప్పి రెండో సంఖ్యలోని వస్తువును అమ్మేవారు చాలామంది ఉన్నారు.

ఒక పాత రేజర్‌కు "సరైన ధర" అంటూ ఉంటుందా?

బంగారానికి ఉన్నట్టు ఉండదు. అదే రకం, అదే స్థితిలో ఉన్న రేజర్లు గడచిన కొన్ని నెలల్లో ఎంతకు అమ్ముడయ్యాయో చూసి, అందులో మధ్యస్థంగా ఉన్న ధరను లెక్కలోకి తీసుకోవడమే మనకున్న దారి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అమ్మకందారు అడుగుతున్న ధరలను చూసి అదే వెల అనుకుంటారు. మూడేళ్ళుగా ఎవరూ కొనక అలాగే పడి ఉన్న ప్రకటన కూడా ఆ జాబితాలో ఉంటుంది. అమ్ముడైన ధరలను మాత్రమే చూపించే వెసులుబాటు వేలం వెబ్‌సైట్లలో సాధారణంగా ఉంటుంది. దాన్ని వాడకుండా పాటకు దిగడమంటే కాటా లేకుండా ధాన్యం కొన్నట్టే.

వేలంలో గెలిచినవారు ఎక్కువ ధర పెట్టడానికి అసలు కారణం ఏమిటి?

వేలం అనే ఏర్పాటులోనే ఆ కారణం ఉంది. ఒక వస్తువు విలువ ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు పాల్గొనేవారిలో కొందరు తక్కువగా, కొందరు ఎక్కువగా అంచనా కడతారు. ఆ అంచనాలన్నిటి సగటు అసలు విలువకు దగ్గరగానే ఉండవచ్చు. కానీ వస్తువు సగటు మనిషికి దక్కదు, అందరికంటే ఎక్కువగా అంచనా కట్టినవాడికి దక్కుతుంది. అంటే అందరిలోకీ ఎక్కువ పొరబడినవాడే గెలిచే అవకాశం ఎక్కువ. మెక్సికో సింధుశాఖలో చమురు బావుల హక్కుల కోసం పోటీపడిన కంపెనీలు ఆశించిన లాభాలు ఎందుకు పొందలేకపోతున్నాయో వివరిస్తూ కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ సంగతిని బయటపెట్టారు. అప్పటినుంచి దీన్ని "విజేత శాపం" అంటున్నారు.

1983లో మాక్స్ బేజర్‌మన్, విలియం శామ్యూల్‌సన్ ప్రచురించిన ప్రయోగం దీన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. బిజినెస్ విద్యార్థుల ముందు నాణేలు, కాగితపు క్లిప్పులు వంటివి నింపిన జాడీలు పెట్టి వేలం వేశారు. ఒక్కో జాడీ విలువ 8 డాలర్లు. విద్యార్థుల అంచనాల సగటు 5.13 డాలర్లు, అంటే మొత్తం మీద వారు తక్కువగానే లెక్కగట్టారు. అయినా గెలిచిన పాటల సగటు 10.01 డాలర్లు. గుంపంతా పిసినారితనం చూపినా గెలిచినవాడు మాత్రం సగటున రెండు డాలర్లు పోగొట్టుకున్నాడు. నాణేలను లెక్కపెట్టవచ్చు, అరవై ఏళ్ళ నాటి రేజర్ మీది నికెల్ పూత ఎంత మిగిలిందో అమ్మకందారు ఫోటోలో చూసి లెక్కపెట్టలేం. కాబట్టి అంచనాల మధ్య దూరం మరింత పెరుగుతుంది, దూరం పెరిగినకొద్దీ గెలిచినవాడి పొరపాటూ పెద్దదవుతుంది.

మన భాషలో ఈ సంగతి ఎప్పటినుంచో ఒక్క మాటలో ఉంది: వేలంవెర్రి.

ఆదోని మార్కెట్‌లో జరిగేది కూడా పోటీ ధరే కదా, అక్కడి వ్యాపారులు ఇలా నష్టపోరెందుకు?

ఇది మా మేనల్లుడు అడిగిన ప్రశ్న, మంచి ప్రశ్న. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారిని దగ్గరనుంచి చూసినవారికి జవాబు తెలిసిపోతుంది. ఆయన కుప్ప దగ్గర వంగి, పైపైన కాక చేయి లోపలికి పోనిచ్చి గుప్పెడు పత్తి తీస్తాడు, పోగు లాగి పొడవు చూస్తాడు, అరచేతిలో నలిపి తేమ అంచనా వేస్తాడు, ఆ తరువాతే ధర వేస్తాడు. ఆయన మనసులో జిన్నింగ్ మిల్లు ఇచ్చే ధర, కూలి, రవాణా, తరుగు ముందే కూడి ఉంటాయి. ఆ కూడిక దాటితే నష్టమని ఆయనకు తెలుసు, రేపు ఇంకో వంద కుప్పలు వస్తాయనీ తెలుసు.

సేకరించేవాడికి ఈ మూడూ లేవు. చేత్తో ముట్టుకుని చూసే వీలు లేదు. తిరిగి అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి ఎక్కడ ఆగాలో చెప్పే ధర లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, "ఇలాంటిది మళ్ళీ దొరకదు" అన్న భయం ఉంటుంది, అది చాలాసార్లు నిజం కాదు. వ్యాపారికి కుప్ప ఒక లెక్క, మనకు రేజర్ ఒక కోరిక. కోరికకు ధర కట్టడం తప్పని నేననను. కట్టే ముందు అది కోరికేనని ఒప్పుకుంటే చాలు.

ఆన్‌లైన్ వేలంలో పాట ఎలా పెరుగుతుంది?

ఈబే వంటి చోట్ల మనం వేసే అంకె మన గరిష్ఠ పరిమితి మాత్రమే, వెంటనే చెల్లించే ధర కాదు. మన తరఫున యంత్రమే అవసరమైనంత మేరకు పాడుతుంది. ఉదాహరణకు నేను 40 డాలర్లు గరిష్ఠంగా వేశాను, నా తరువాతి వ్యక్తి 31 డాలర్ల దగ్గర ఆగాడు అనుకుందాం. ఆ స్థాయిలో పెంపు మెట్టు ఒక డాలరు కాబట్టి నేను చెల్లించేది 32 డాలర్లు. గెలిచినవాడు రెండో అత్యధిక పాటకు కొంచెం పైన చెల్లిస్తాడన్నమాట. ఇటువంటి వేలంలో తన మనసులోని అసలు విలువను ఉన్నదున్నట్టు ఒక్కసారి వేసి ఊరుకోవడమే ఉత్తమమని విలియం విక్రీ 1961లోనే నిరూపించాడు. 1996లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

సిద్ధాంతం ప్రకారం ఇందులో తొందరకు తావే లేదు. ఆచరణలో జరిగేది వేరు. "మీ పాటను ఎవరో దాటారు" అని ఫోనులో సందేశం రాగానే 40 అన్నవాడు 45 అంటాడు, తరువాత 52 అంటాడు. ఒక్కసారి వేయవలసిన అంకెను మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోయేవాడు వస్తువుతో బేరమాడడం మానేసి, ముఖం తెలియని ఇంకో మనిషితో పంతానికి దిగినట్టే. వినాయక చవితి పందిట్లో లడ్డూ పాట చూసినవారికి ఇది కొత్త కాదు. ఒక్క తేడా ఉంది: లడ్డూ పాడినవాడి డబ్బు ఉత్సవ కమిటీకి చేరుతుంది, పది ఊళ్ళలో పేరు వస్తుంది, తెల్లవారుజామున రేజర్ పాడినవాడికి ఇంట్లోవాళ్ళ చూపులు మిగులుతాయి.

తెల్లవారుజామునే ఎందుకు?

అమెరికా అమ్మకందారులు తమ ఆదివారం సాయంత్రం ముగిసేలా వేలాలు పెట్టడానికి ఇష్టపడతారు. వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు సోమవారం ఉదయం ఐదున్నర. నిద్రకళ్ళతో తీసుకునే నిర్ణయాల గురించి వేరే చెప్పనక్కరలేదు.

చివరి పది సెకన్లలో పాట వేయడం మంచిదేనా?

దీని మీద ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ చేసిన పరిశీలన ఉంది. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో వారు ఈబే వేలాలను, అప్పట్లో నడిచిన అమెజాన్ వేలాలను పోల్చారు. ఈబేలో గడువు ఖచ్చితంగా ముగుస్తుంది. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మళ్ళీ పొడిగేది. చివరి క్షణపు పాటలు ఈబేలోనే బాగా ఎక్కువగా కనిపించాయి, అందులోనూ అనుభవమున్నవారే ఎక్కువగా అలా పాడారు.

నా అభిప్రాయంలో చివరి క్షణంలో పాడటం వల్ల ఒక మేలుంది: అవతలివాడికి పంతం పట్టే సమయం దొరకదు. కానీ ఆ మేలు ముందే నిర్ణయించుకున్న అంకెను వేసేవాడికే దక్కుతుంది. గడియారం చూస్తూ అప్పటికప్పుడు అంకె ఆలోచించేవాడు తన తొందరకు తానే బలవుతాడు.

అదే రేజర్ పక్కనే స్థిరమైన ధరకు దొరుకుతుంటే వేలంలో అంతకంటే ఎక్కువ ఎవరు పెడతారు?

నమ్మబుద్ధి కాదు కానీ పెడతారు. హాన్ లీ, ఉల్రికె మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో ఒక బోర్డు ఆటకు సంబంధించిన వేలాలను చూశారు. అదే ఆట అదే వెబ్‌సైటులో, అదే సమయంలో, స్థిర ధరకు అందుబాటులో ఉన్నా, 42 శాతం వేలాలు ఆ ధరను దాటి ముగిశాయి. ఇందులో ఆలోచింపజేసే సంగతి ఇంకొకటుంది: అలా దాటి పాడినవారు మొత్తం పాల్గొన్నవారిలో సుమారు 17 శాతమే. అంటే వివేకవంతులు ఎంతమంది ఉన్నా లాభం లేదు. వేలం అనే జల్లెడ అతిగా పాడేవారినే ఏరి పట్టుకుంటుంది.

దీనికి రవాణా ఖర్చు తోడవుతుంది. తంజిమ్ హుస్సేన్, జాన్ మోర్గన్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో సంగీతపు సీడీలను, వీడియో ఆటలను వేలానికి పెట్టి, ఆరంభ ధర తగ్గించి రవాణా రుసుము పెంచినప్పుడు అమ్మకందారుకు మొత్తం మీద ఎక్కువ డబ్బు వస్తోందని చూపించారు. పాడేవాడి కన్ను పెద్ద అక్షరాల్లోని అంకె మీదే ఉంటుంది.

రేజర్ మీద "1904" అని చెక్కి ఉంది. అది 1904లో తయారైనదేనా?

దాదాపు కాదనే చెప్పాలి. అది పేటెంటు మంజూరైన తేదీ. నవంబరు 15, 1904 అన్న ముద్రను ఆ తరువాత అనేక సంవత్సరాలపాటు తయారైన రేజర్ల మీద కూడా వేశారు. తొలినాళ్ళ రేజర్లకు వరుససంఖ్యలు ఉంటాయి. తయారీ కాలం తెలియాలంటే ఆ సంఖ్యను, పిడి ఆకారాన్ని కలిపి చూడాలి. ముద్రలోని తేదీ సాయం చేయదు. అమ్మకందారుల్లో చాలామందికి కూడా ఈ సంగతి తెలియదు, తాతగారి వస్తువు కదా అని నిజాయితీగానే "1904 రేజర్" అని రాసేస్తారు. తెలిసి రాసేవారు వేరే ఉన్నారు.

నేను నేర్చుకున్నది ఇక్కడే కాబట్టి నా సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఈ వ్యాపకం మొదలైన రెండో ఏట ఒక వేలం వెబ్‌సైటులో "1904 నాటి అరుదైన తొలి రేజర్" కనిపించింది. ఫోటోలు మూడే ఉన్నాయి, మూడూ ఒకే వైపునుంచి తీసినవి. నా మనసులో అనుకున్న హద్దు ఆరువేల ఐదువందలు. చివరి గంటలో ఇంకొకతను తగులుకోవడంతో పదకొండువేల రెండువందలకు పాడాను. రవాణా, కస్టమ్స్ కలిపి పద్నాలుగు వేలు దాటింది. పార్సిలు విప్పగానే వరుససంఖ్య చూస్తే అది 1904కు చాలా తరువాతిదని తేలిపోయింది. పిడి మీద పొడవునా ఒక సన్నని గీత కనిపించింది, అతుకేమో అనుకుని పాత బస్టాండు వైపు గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం కంటికి బిగించుకుని, పిడిని వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పి, గోటితో ఆ గీత వెంబడి పైనుంచి కిందికి రాశాడు. "అతుకు కాదు సార్, పగులు. ఎంతకు తీసుకుంటిరి?" అన్నాడు. సగం ధర చెప్పాను. దానికే ఆయన భూతద్దం తీసి నా మొహంలోకి చూశాడు.

పలుచని గొట్టంలా ఉండే ఆ తొలినాళ్ళ పిడులకు నిలువునా పగులు రావడం చాలా సాధారణమైన లోపమని, ఫోటోల్లో పిడిని చుట్టూ తిప్పి చూపమని అడగడం ఈ రంగంలో అందరూ చేసే పనేనని నాకు ఆ తరువాతే తెలిసింది.

"ఫ్యాట్ బాయ్" రేజర్ అంత అరుదైనదా?

కాదు. జిలెట్ కంపెనీ 1958 చివరినుంచి 1961 వరకు తయారుచేసిన ఈ రేజర్‌లో పిడి మెడ దగ్గరున్న చక్రాన్ని ఒకటి నుంచి తొమ్మిది దాకా తిప్పి బ్లేడు ఎంత బయటికి రావాలో నిర్ణయించుకోవచ్చు. పిడి చివరి మరను తిప్పితే తలమీది రెండు తలుపులు రెక్కల్లా విచ్చుకుంటాయి. పనితనంలో దీనికి వంక పెట్టలేం, చేతిలో బరువు కూడా ముచ్చటగా ఉంటుంది. కొత్తప్పుడు దీని ధర 1.95 డాలర్లు, ఆ ధరే దానికి పేరుగా 195 అని నిలిచింది. సామాన్యులకు దుకాణాల్లో అమ్మిన వస్తువు కావడంతో నేటికీ విరివిగా వేలానికి వస్తూనే ఉంది. ఒకటి చేజారితే వారంలో ఇంకొకటి కనిపిస్తుంది.

దీని తయారీ కాలం తెలుసుకోవడం తేలిక. తల అడుగుభాగంలో కంపెనీ గుర్తుకు ఎడమవైపు ఒక అక్షరం, కుడివైపు ఒక అంకె ఉంటాయి. అక్షరం సంవత్సరాన్ని, అంకె ఆ సంవత్సరంలోని మూడు నెలల భాగాన్ని తెలుపుతాయి. డి అంటే 1958, ఇ అంటే 1959, ఎఫ్ అంటే 1960. "ఇ 2" అని ఉంటే 1959 రెండో త్రైమాసికపు సరుకు. ఇక్కడే ఇంకో వల ఉంది. తమ పుట్టిన సంవత్సరపు, పుట్టిన త్రైమాసికపు రేజరే కావాలనుకునేవారు ఉంటారు. సాధారణమైన రేజర్‌ను వారు తమకు తామే అరుదైనదిగా మార్చుకుని రెట్టింపు పెడతారు. నేనూ పెట్టాను, అది తెలిసి పెట్టిన ధర కాబట్టి విచారం లేదు.

మంగలికత్తుల్లో ఏం చూడాలి?

ముందుగా అంచు. ఎన్నోసార్లు సానబట్టి అరిగిపోయిన కత్తిలో అంచు నవ్వుతున్నట్టు వంకర తిరిగి ఉంటుంది, లేదా కొన దగ్గర సన్నబడి ఉంటుంది. అంచుమీద వెంట్రుకంత పగులున్నా అది ఇక అద్దాల బీరువాకే పరిమితం. తరువాత పిడి. సెల్యులాయిడ్ పిడులు కాలక్రమేణా కుళ్ళి ఆవిర్లు వదులుతాయి. పిడి లోపల దాగిన చోటే ఉక్కుకు తుప్పు పడుతుంది. మూసి ఉన్న కత్తి ఫోటో మాత్రమే పెట్టే అమ్మకందారును తెరిచిన ఫోటో అడగాలి.

మూలదేశపు పేరు కూడా కొంత సాయం చేస్తుంది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం తరువాత ఆ దేశానికి వెళ్ళే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. అందువల్ల "షెఫీల్డ్" పక్కన "ఇంగ్లండ్" అని కూడా ఉన్న కత్తి సాధారణంగా ఆ తరువాతిదే. దాన్ని 1850 నాటిదని అమ్మజూపితే అనుమానించాలి.

ఏనుగు దంతపు పిడి ఉన్న కత్తుల జోలికి పోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం. 1991 నుంచి ఆఫ్రికా దంతానికి కూడా ఆ నిషేధం వర్తిస్తోంది. ప్రకటనలో "ఎముక" అని రాసి ఉన్నంత మాత్రాన అది ఎముక అయిపోదు.

విదేశం నుంచి తెప్పించుకుంటే అదనంగా ఎంత అవుతుంది?

రేట్లు మారుతుంటాయి కాబట్టి అంకె రాయను, పద్ధతి చెబుతాను. ఈబే భారత విభాగం 2018లో మూతపడ్డాక మనం పాడేది ఎక్కువగా విదేశీ అమ్మకందారుల దగ్గరే. పాట ధరకు రవాణా, డాలరు మారకంలో బ్యాంకు పట్టుకునే రుసుము, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలపాలి. తపాలాలో వస్తే సుంకం చీటీతో పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి డబ్బు కట్టించుకున్నాకే పార్సిలు చేతికిస్తాడు. ఇవన్నీ పాటకు ముందే మీ హద్దులోంచి తీసివేయాలి. గెలిచాక కలుపుకుంటే అది హద్దు కాదు, ఖర్చుల పద్దు.

అమ్మకందారే దొంగపాట పాడిస్తాడా?

పాడించేవారున్నారు. తన మనిషి చేతనో, ఇంకో పేరుతో తానే చేరో ధర పెంచడం నిబంధనలకు విరుద్ధమైనా పూర్తిగా ఆగలేదు. ఒకే అమ్మకందారు వస్తువుల మీద మాత్రమే పాడుతూ ఎప్పుడూ గెలవని ఖాతా కనిపిస్తే అనుమానించవచ్చు. గెలిచినవాడు డబ్బు కట్టలేదని రెండు రోజుల తరువాత అదే రేజర్‌ను రెండో స్థానంలో ఉన్న మీకు ఇవ్వజూపితే, ఆ గెలిచినవాడి పాటను నిజమని నమ్మి మీరు పెంచిన ధరకు కాక, దానికి ముందు నిలిచిన ధరకే మీ జవాబు ఉండాలి. ఒప్పుకోకపోతే వదిలేయడమే.

మెరుగు పెట్టిస్తే విలువ పెరుగుతుందా?

వాడుకోవడానికి అందంగా ఉంటుంది, సేకరణ విలువ మాత్రం సాధారణంగా తగ్గుతుంది. కొత్త పూత కింద ముద్రల అంచులు మొద్దుబారిపోతాయి. సబ్బునీళ్ళు, మెత్తని పాత టూత్‌బ్రష్ చాలు.

మా తాతగారి రేజర్ ఇంట్లో ఉంది. ఇదంతా చదివాక అమ్మితే లాభమేమో అనిపిస్తోంది. ఎవరికి అమ్మాలి?

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వెతకడం మన జిల్లాలో అందరికీ తెలిసినదే. రాయి దొరికినవాడు గుట్టుగా ఒక వ్యాపారి దగ్గరికి పోతాడు. కొనేవాడు ఒక్కడే, అతనికి విలువ తెలుసు, అమ్మేవాడికి తెలియదు. కాబట్టి ధర పడిపోతుంది. పాత రేజర్‌ను వీధిలో తిరిగే పాతసామాను అతనికి వేసినా అదే జరుగుతుంది. ప్రపంచంలోని ముప్పైమంది ఒకేసారి చూసే వేలంలో పెడితే దీనికి సరిగ్గా తలకిందులవుతుంది. ఒకే వస్తువు జొన్నగిరి పద్ధతిలో చవకగానూ, వేలం పద్ధతిలో ఖరీదుగానూ పోవడానికి వస్తువులో తేడా ఏమీ లేదు, చూసే కళ్ళ సంఖ్యలోనే తేడా.

నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువుల ఎగుమతి విషయంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కఠినంగా ఉంటుంది కాబట్టి, మరీ పాతదైతే విదేశానికి పంపే ముందు విచారించుకోవాలి. ఇక నా సొంత సలహా అడిగితే, తాతగారి రేజర్‌ను అమ్మవద్దంటాను. బజారులో దానికి పలికే ధరలో తాతగారి వాటా సున్నా.

హద్దు పెట్టుకుని దానికి కట్టుబడి ఉండడం ఎలా?

పంచాయతీలో సంత ఆశీలు వేలం వేసేటప్పుడు అధికారులు ముందే "సర్కారు పాట" నిర్ణయిస్తారు. దానికి తక్కువైతే ఇవ్వరు. నేను దాన్ని తలకిందులు చేసి వాడుకుంటాను. పాట ముగియడానికి రెండు రోజుల ముందు, పగటిపూట, గత అమ్మకాల ధరలు చూసి, రవాణా సుంకాలు తీసివేసి, విజేత శాపానికి ఇంకొంత తగ్గించి, వచ్చిన అంకెను క్యాలెండరు కాగితం వెనుక రాసి మా ఆవిడకు ఇస్తాను. ఆ అంకెను ఒకేసారి గరిష్ఠ పాటగా వేసి ఫోనులో సందేశాలు ఆపేస్తాను. ఓడిపోతే కాగితం చూసి అనుకున్నదే జరిగిందని తెలుసుకుంటాను. ఈ పద్ధతి మొదలుపెట్టాక నాలుగింట మూడు పాటలు ఓడిపోతున్నాను, బీరువా నిండడం నెమ్మదించింది.

ఎక్కువమంది పాల్గొంటున్న వేలంలో హద్దును పెంచకూడదు, తగ్గించాలి. పోటీ పెరిగితే వస్తువు మంచిదని మనసు చెబుతుంది. లెక్క మాత్రం అతిగా అంచనా కట్టేవాడు ఆ గుంపులో ఉండే అవకాశం పెరిగిందని చెబుతుంది.

వీటితో ఇప్పటికీ గడ్డం గీసుకోవచ్చా, బ్లేడ్లు దొరుకుతాయా?

రెండంచుల రేజర్లలో దాదాపు అన్నిటికీ దొరుకుతాయి. కిరాణా కొట్లో అమ్మే మామూలు టోపాజ్ బ్లేడు తొలినాళ్ళ జిలెట్ రేజర్‌లో కూడా సరిగ్గా కూర్చుంటుంది. ఒకే అంచున్న బ్లేడును పక్కనుంచి లోపలికి తోసే షిక్ ఇంజెక్టర్ రకానికి బ్లేడ్లు తయారవుతున్నాయి కానీ తెప్పించుకోవాలి. పెట్టెలోనే సాన, తోలుపట్టా ఉండే రోల్స్ రేజర్‌కు దాని సొంత బ్లేడే కావాలి. అది పాడై ఉంటే కొనకపోవడమే మంచిది. ఏ పాత రేజర్‌నైనా వాడే ముందు సబ్బుతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తీయాలి.

పిడి పగిలిన ఆ "1904" రేజర్‌తో నేను ఇప్పటికీ గీసుకుంటాను. గట్టిగా బిగిస్తే పగులు తెరుచుకుంటుంది కాబట్టి బ్లేడు మార్చేటప్పుడు రెండు వేళ్ళతో మాత్రమే తిప్పి, మర ఆగిన చోట వదిలేస్తాను.